సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కుల్లో వీడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

వీసీడీ నుంచి 4కె బ్లూ-రే దాకా డిస్క్ మీద వీడియో ఎలా నిలుస్తుంది, ప్లేయర్ దాన్ని ఎలా చదువుతుంది, ఒక్కోసారి ఎందుకు మొరాయిస్తుంది అనే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు. 'డిస్క్ పాడైపోయింది' అని పక్కన పడేసిన వాటిలో చాలా డిస్కులు నిజానికి బాగానే ఉంటాయి. ఫైనలైజ్ చేయడం (రాసిన డిస్కుని మూసేయడం) మరిచిపోవడమో, ప్లేయర్‌కి అర్థం కాని ఫార్మాట్‌లో రాయడమో, లెన్స్ మీద దుమ్మో అసలు కారణం అయి ఉంటుంది.

## డిస్క్ లోపల ఏముంది

మూడూ ఒకే సైజు కదా, సీడీలో 700 ఎంబీ పడితే బ్లూ-రేలో 25 జీబీ ఎలా పడుతోంది?

బయటి కొలతలు మూడింటికీ ఒకటే: 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం. తేడా అంతా లేజర్ చుక్క ఎంత చిన్నది అన్నదానిలో ఉంది. కాంతి తరంగదైర్ఘ్యం తగ్గితే చుక్క చిన్నదవుతుంది, లెన్స్ ఎన్ఏ విలువ (కాంతిని ఎంత వెడల్పు కోణంలో పోగుచేస్తుందో చెప్పే కొలత) పెరిగినా చిన్నదవుతుంది. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ లేజర్, 0.45 ఎన్ఏ లెన్స్. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, 0.60 లెన్స్. బ్లూ-రేకి 405 నానోమీటర్ల ఊదా నీలం లేజర్, 0.85 లెన్స్.

చుక్క చిన్నదైనప్పుడు వరుసల్ని దగ్గరగా పేర్చవచ్చు. వరుసకీ వరుసకీ మధ్య దూరం సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూ-రేలో 0.32. అతి చిన్న గుంట పొడవు వరుసగా 0.83, 0.40, 0.15 మైక్రాన్లు. లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఆ ఒక్క దారిని విప్పి సాగదీస్తే సీడీలో 5 కిలోమీటర్ల పైచిలుకు, డీవీడీలో దాదాపు 12, బ్లూ-రేలో 27 కిలోమీటర్లు వస్తుంది. గుంటలు చిన్నవి చేయడం వల్ల సీడీ కంటే డీవీడీకి దక్కింది నాలుగున్నర రెట్లే. 700 ఎంబీ నుంచి 4.7 జీబీకి చేరడానికి కావలసిన మిగతా లాభం బిట్లను అమర్చే తీరునీ, తప్పులు దిద్దే పద్ధతినీ పొదుపుగా మార్చడం వల్ల వచ్చింది.

గుంట అంటే సున్నా, చదును అంటే ఒకటి. అంతేనా?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కాదు. గుంట మొదలయ్యే అంచు, ముగిసే అంచు '1' అవుతాయి. అంచు లేనంతసేపూ, అది గుంట అడుగైనా పైనున్న చదునైనా, వచ్చేవి సున్నాలే. అంటే సమాచారం ఉన్నది గుంట పొడవులో. సీడీలోనూ డీవీడీలోనూ గుంటలు, చదునులు కనీసం 3 బిట్ల పొడవు ఉండాలి. వరుసగా రెండు '1'లు వస్తే అంచులు మరీ దగ్గరపడి లేజర్ వాటిని విడదీయలేదు. అందుకే ప్రతి 8 బిట్లనీ సీడీలో 14 బిట్లుగా, డీవీడీలో 16 బిట్లుగా మార్చి రాస్తారు.

గుంట లోతు ప్లాస్టిక్‌లోని కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. గుంట అడుగు నుంచీ చుట్టూ ఉన్న చదును నుంచీ తిరిగొచ్చే కాంతి ఒకదాన్నొకటి కొంత చంపేసుకుంటుంది, అందువల్ల వెలుగు తగ్గుతుంది. ప్లేయర్‌కి కనిపించేది ఈ హెచ్చుతగ్గులే.

సినిమా ఫ్రేములు ఒక్కొక్కటిగా డిస్క్ మీద ఉంటాయా?

ఉండవు. 720×576 బొమ్మని సెకనుకు 25 చొప్పున కుదించకుండా రాస్తే 4.7 జీబీ డీవీడీలో 5 నిమిషాల వీడియో కూడా సరిగా పట్టదు. అందుకని ఎంపెగ్ కుదింపు వాడతారు. ఒక పూర్తి బొమ్మని రాసి, ఆ తర్వాత వచ్చే కొన్ని బొమ్మలకు 'ఏ ముక్క ఎటు జరిగింది, ఏం మారింది' అన్నది మాత్రమే రాస్తారు. డీవీడీలో పూర్తి బొమ్మ సుమారు అర సెకనుకొకటి ఉంటుంది. ఫార్వర్డ్ నొక్కినప్పుడు బొమ్మ గెంతుతూ పోవడానికి కారణం అదే, ప్లేయర్ ఆ పూర్తి బొమ్మల్ని మాత్రమే చూపిస్తూ వెళ్తుంది. ఒక చోట చిన్న తప్పు దొర్లితే తర్వాతి పూర్తి బొమ్మ వచ్చేదాకా తెర మీద గడులు మిగిలిపోవడానికీ కారణం ఇదే.

వీసీడీ (1993) ఎంపెగ్-1 వాడుతుంది, డీవీడీ (1996) ఎంపెగ్-2 వాడుతుంది. బ్లూ-రే (2006) ఎంపెగ్-2తో పాటు హెచ్.264, వీసీ-1 అనే కుదింపు పద్ధతుల్ని కూడా వాడుతుంది.

పాత 30 సెంటీమీటర్ల లేజర్‌డిస్క్ కూడా డిజిటలేనా?

దాని మీద వీడియో అనలాగ్. 1978లో వచ్చిన ఆ డిస్కుల్లోనూ గుంటలే ఉంటాయి. కానీ వాటి పొడవు అంకెల ప్రకారం కాకుండా వీడియో సంకేతాన్ని అనుసరించి నిరంతరంగా మారుతూ ఉంటుంది. మామూలు డీవీడీ ప్లేయర్ దాన్ని చదవలేదు.

700 ఎంబీ సీడీలో వీసీడీ తాలూకు 800 ఎంబీ వీడియో ఫైల్ (.dat) ఎలా పట్టింది?

తప్పులు దిద్దే అదనపు బైట్లను వదులుకోవడం వల్ల పట్టింది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో (డిస్కుని విడగొట్టిన చిన్న ముక్కలో) 2048 బైట్లు మీవి, మిగతావి రక్షణ కోసం. వీసీడీ వీడియో భాగంలో 2324 బైట్లూ వీడియోకే ఇస్తారు. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టార్లుంటాయి కాబట్టి లెక్క 836 ఎంబీ దాకా వెళ్తుంది. ఒక ఫైల్‌లో ఒక్క బిట్ తప్పినా ప్రమాదమే, వీడియోలో తప్పితే ఒక గడి చెదిరి పోతుంది, అంతే కదా అని అలా చేశారు.

దీని పర్యవసానం గీతలు పడిన వీసీడీల్లో కనిపిస్తుంది. ప్లేయర్‌లో గడులు గడులుగా అయినా నడిచే డిస్క్, కంప్యూటర్‌లో కాపీ చేయబోతే చదవలేకపోతున్నానని ఆగిపోతుంది.

డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంది, కంప్యూటర్ 4.37 అంటోంది. మోసమా?

కాదు. డిస్క్ తయారీదారు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కిస్తాడు. కంప్యూటర్ 1024ని మూడుసార్లు హెచ్చించి లెక్కిస్తుంది. రెండూ ఒకే పరిమాణం.

డీవీడీలోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌లో ఆ ఫైళ్ళన్నీ ఏమిటి? ఆడియో_టీఎస్ ఖాళీగా ఉందేం?

వీఓబీ ఫైళ్ళలో అసలు వీడియో, ఆడియో, సబ్‌టైటిళ్ళు కలగలిసి ఉంటాయి. ఒక్కోటి 1 జీబీ దాటకూడదు కాబట్టి ఒకే సినిమా నాలుగైదు వీఓబీలుగా తెగుతుంది. ఐఎఫ్ఓ ఫైళ్ళలో ఏ అధ్యాయం ఎక్కడ మొదలవుతుంది, ఏ భాష ఎక్కడుంది అనే పట్టిక ఉంటుంది. బీయూపీ అంటే ఐఎఫ్ఓకి అచ్చు నకలు. అసలుది చెదిరితే ఆదుకోవాలని దాన్ని డిస్క్ మీద వేరే చోట ఉంచుతారు. ఆడియో_టీఎస్ ఉన్నది డీవీడీ-ఆడియో అనే వేరే ఫార్మాట్ కోసం. వీడియో డిస్కులో అది ఖాళీగా ఉండటమే మామూలు.

ఒక డీవీడీలో 8 ఆడియో ట్రాకులు, 32 సబ్‌టైటిళ్ళు దాకా పెట్టవచ్చు. సబ్‌టైటిల్ అక్షరాలుగా ఉండదు, చిన్న బొమ్మగా ఉంటుంది. అందుకే దాన్ని నేరుగా టెక్స్ట్‌గా తీయలేరు.

## ఖాళీ డిస్క్ ఎంచుకునేటప్పుడు

డీవీడీ-ఆర్, డీవీడీ ప్లస్ ఆర్, ఆర్‌డబ్ల్యూ: ఏది తీసుకోవాలి?

ఒక్కసారి రాసి దాచుకోవాలంటే 'ఆర్' రకం. మైనస్ అయినా ప్లస్ అయినా దాదాపు అన్ని కొత్త ప్లేయర్లూ చదువుతాయి. బాగా పాతబడ్డ ప్లేయర్ అయితే డీవీడీ-ఆర్ ముందు ప్రయత్నించండి. ప్లస్ ఆర్‌కి ఒక వెసులుబాటు ఉంది. రాసేటప్పుడు దాని బుక్ టైప్‌ని (డిస్క్ ఏ రకమో చెప్పే గుర్తుని) 'డీవీడీ-రోమ్' అని మార్చే అవకాశం కొన్ని రైటర్లలో ఉంటుంది. అప్పుడు పాత ప్లేయర్ దాన్ని కంపెనీ డిస్కే అనుకుని చదివేస్తుంది.

'ఆర్' డిస్కుల్లో లేజర్ రాసేది ఒక రంగు పొర మీద. ఆర్‌డబ్ల్యూలో ఆ రంగు పొర ఉండదు. వేడికి స్ఫటికంగానో అస్ఫటికంగానో మారే లోహ మిశ్రమం ఉంటుంది, సుమారు 1000 సార్లు చెరిపి రాయవచ్చు. ఇబ్బంది ఏమిటంటే అది కాంతిని తక్కువగా వెనక్కి పంపుతుంది. అచ్చు వేసిన ఒక పొర డీవీడీ 45 నుంచి 85 శాతం కాంతిని తిప్పి పంపితే ఆర్‌డబ్ల్యూ 18 నుంచి 30 శాతమే పంపుతుంది. పాత ప్లేయర్ 'నో డిస్క్' అనేది అందుకే. పరీక్షించి చూసుకోవడానికి మాత్రం ఆర్‌డబ్ల్యూని మించింది లేదు.

8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్క్ కొనడం మంచిదా?

రెండు గంటలు దాటిన వీడియోని నాణ్యత తగ్గించకుండా ఒకే డిస్కులో పెట్టాలన్నప్పుడు మాత్రమే. మొదటి పొర సగం పారదర్శకంగా ఉంటుంది, లేజర్ దాన్ని దాటి రెండో పొరకి గురి మార్చుకుంటుంది. రాయడంలో తప్పు దొర్లే అవకాశం ఒక పొర డిస్కు కంటే ఎక్కువ, చదవలేని ప్లేయర్లూ ఎక్కువే. ఇంటి వీడియోలకైతే రెండు ఒక పొర డిస్కులే మేలు.

డిస్క్ మీద స్టిక్కర్ లేబుల్ అతికించవచ్చా?

డీవీడీ మీద వద్దు. కాగితం రవ్వంత పక్కకి జరిగినా డిస్క్ తిరిగేటప్పుడు ఊగుతుంది. కొన్ని నెలలకు జిగురు ఎండి ముడుచుకుని డిస్క్ కాస్త వంగుతుంది. బయటి అంచు దగ్గరున్న వీడియో మొదట దెబ్బతింటుంది. నీటితో చేసిన ఇంకు ఉన్న మెత్తటి మార్కర్‌తో రాయండి. బాల్ పెన్ను అసలే వద్దు.

## రాసేటప్పుడు

ఎంపీ4 ఫైల్ బర్న్ చేశాను. కంప్యూటర్‌లో వస్తోంది, డీవీడీ ప్లేయర్‌లో రావట్లేదు. ఎందుకు?

మీరు రాసింది డేటా డిస్క్, ప్లేయర్‌కి కావలసింది వీడియో డిస్క్. సాధారణ డీవీడీ ప్లేయర్‌కి ఎంపెగ్-2 వీడియో, ఐఎఫ్ఓ పట్టికలు, వీడియో_టీఎస్ ఫోల్డర్ ఉండి తీరాలి. ఆథరింగ్ ప్రోగ్రామ్ (వీడియోని డీవీడీ రూపంలోకి అమర్చేది) ఒకటి తీసుకుని (ఉచితంగా దొరికే డీవీడీ స్టైలర్ సరిపోతుంది) అందులో ఫైల్ వేసి 'డీవీడీ-వీడియో' ప్రాజెక్టుగా తయారు చేయండి.

ఆడియో దగ్గర చాలామంది తప్పు చేస్తారు. డీవీడీలో మామూలుగా వాడేది 48 కిలోహెర్ట్జ్ ధ్వని. సంగీతం సీడీ నుంచి తెచ్చిన 44.1 కిలోహెర్ట్జ్ ఆడియోని మార్చకుండా వేస్తే బొమ్మ వచ్చి శబ్దం రాకపోవచ్చు. డాల్బీ డిజిటల్‌గా మార్చి వేయడం అన్నిటికంటే నిక్కచ్చి.

ఒక డీవీడీలో ఎన్ని గంటల వీడియో పెట్టవచ్చు?

ఎన్ని గంటలైనా పెట్టవచ్చు, బొమ్మ ఎంత చెడినా ఫరవాలేదనుకుంటే. లెక్క ఇలా: ఒక పొర డిస్క్ అంటే సుమారు 37,600 మెగాబిట్లు. దాన్ని వీడియో నిడివి సెకన్లతో భాగించండి, అందులో 5 శాతం మెనూలకీ పట్టికలకీ తీసేయండి, ఆడియోకి ఇచ్చేది కూడా తీసేయండి. మిగిలింది వీడియో బిట్‌రేట్, అంటే సెకనుకు వీడియోకి దక్కే బిట్లు.

డాల్బీ డిజిటల్ స్టీరియో (సెకనుకు 0.2 మెగాబిట్లు) తో 90 నిమిషాలకు సుమారు 6.4, రెండు గంటలకు 4.8, మూడు గంటలకు 3.1 మెగాబిట్లు వస్తాయి. రెండు గంటలు సౌకర్యమైన హద్దు. చేతిలో పట్టుకుని తీసిన ఇంటి వీడియోలో బొమ్మ ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. స్టాండు మీద నిలిపి తీసిన దానికంటే దానికి ఎక్కువ బిట్లు కావాలి, అందుకని 90 నిమిషాల దగ్గర ఆపితే ఇంకా మంచిది. మూడు గంటలు తప్పదంటే బొమ్మ వెడల్పుని 352కి తగ్గించి 352×576లో రాయండి. 720 వెడల్పులో గడులు పడటం కంటే అది కంటికి హాయిగా ఉంటుంది.

గంట నిడివే ఉందని బిట్‌రేట్ ఆకాశానికి పెంచకండి. ప్రమాణం ప్రకారం వీడియోకి 9.8, మొత్తం కలిపి 10.08 మెగాబిట్లు గరిష్ఠం. ఇంట్లో రాసిన డిస్కుల్ని చదివేటప్పుడు 8 దాటితే తడబడే ప్లేయర్లు ఉన్నాయి. ఆడియోని కుదించని పీసీఎంగా పెడితే అదొక్కటే 1.5 మెగాబిట్లు తినేస్తుంది.

టీవీలో మనుషులు సన్నగా పొడుగ్గా కనిపిస్తున్నారు

డీవీడీలో 4:3 వీడియో అయినా 16:9 వీడియో అయినా పిక్సెళ్ళు ఒకటే, 720×576 (లేదా 720×480). ఎంత వెడల్పుకి సాగదీసి చూపాలన్నది ఒక గుర్తు చెబుతుంది. మీ వీడియో 16:9, గుర్తు 4:3 అని పడింది. ఆథరింగ్‌లో ఆ ఒక్క సెట్టింగ్ మార్చి మళ్ళీ రాయండి.

ఎవరైనా కదిలితే అంచులు దువ్వెన పళ్ళలా చీలుతున్నాయి

అది ఇంటర్లేస్డ్ వీడియో. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. కంప్యూటర్ రెంటినీ ఒకేసారి చూపిస్తే చీలిక కనిపిస్తుంది. ప్లేయర్ ప్రోగ్రామ్‌లో డీఇంటర్లేస్ ఆన్ చేస్తే పోతుంది, ఫైల్ పాడవలేదు.

టీవీలో కూడా కదలికలు ముందుకీ వెనక్కీ వణుకుతూ కనిపిస్తే ఫీల్డ్ వరుస తారుమారైంది (సరి గీతలు ఒక ఫీల్డ్, బేసి గీతలు మరో ఫీల్డ్). డీవీ క్యాసెట్ నుంచి ఎక్కించిన వీడియోలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది, చాలా ప్రోగ్రాములు పై ఫీల్డ్ ముందని అనుకుంటాయి. ఎన్‌కోడ్ చేసేటప్పుడు 'కింది ఫీల్డ్ ముందు' అని ఎంచుకోండి.

ఏ స్పీడులో బర్న్ చేయాలి? తక్కువ స్పీడే మంచిదంటారు కదా?

మరీ తక్కువ కూడా మంచిది కాదు. 16ఎక్స్ అని రాసి ఉన్న డిస్క్‌లోని రంగు పొర వేగంగా రాయడానికే తయారైంది. 1ఎక్స్, 2ఎక్స్‌లలో గుర్తుల అంచులు మసకబారవచ్చు, చాలా కొత్త రైటర్లు ఆ వేగాల్ని ఇవ్వనే ఇవ్వవు. అలాంటి డిస్కుకి 8ఎక్స్ సరైన మధ్యేమార్గం. రాయడం పూర్తయ్యాక 'వెరిఫై' తప్పకుండా చేయండి. డిస్క్‌ను అంచుదాకా నింపకుండా 4.3 జీబీ దగ్గర ఆపండి. రాయడంలో తప్పులు, వేలిముద్రలు, వంపులు అన్నీ ఎక్కువగా ఉండేది బయటి అంచులోనే.

ఫైనలైజ్ చేయడం అంటే ఏమిటి? చేయకపోతే ఏమవుతుంది?

డిస్క్ మొదట్లో ఏముందో చెప్పే లీడ్-ఇన్ భాగాన్నీ, చివర లీడ్-అవుట్‌నీ రాసి డిస్కుని మూసేయడం. ఏ ప్లేయరైనా డిస్క్ వేయగానే మొదట లోపలి వలయంలోని లీడ్-ఇన్ చదువుతుంది. అది లేకపోతే వీడియో మొత్తం ఉన్నా డిస్క్ ఖాళీ అనే అంటుంది. రాసిన కెమెరా లేదా రికార్డర్‌కి మాత్రం ఎక్కడిదాకా రాసిందో తెలుసు, కాబట్టి అందులో వస్తుంది. 'కెమెరాలో వస్తోంది, ఇంకెక్కడా రావట్లేదు' అన్నవారికి మొదటి జవాబు ఇదే.

8 సెంటీమీటర్ల డీవీడీ వాడే కెమెరాల్లో మెనూలో 'ఫైనలైజ్' ఉంటుంది. కెమెరాని కరెంటుకి తగిలించే చేయండి, కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో బ్యాటరీ పోతే డిస్క్ పోయినట్టే. ఆ చిన్న డిస్కులో 1.4 జీబీ, మధ్యస్థ నాణ్యతలో సుమారు 30 నిమిషాలు పడతాయి. డిస్క్ నిండకపోయినా, ఇక రాయనని నిశ్చయించుకున్న రోజే ఫైనలైజ్ చేసేయండి.

హెచ్‌డీ వీడియోని మామూలు డీవీడీ మీద రాయవచ్చా?

ఏవీసీహెచ్‌డీ డిస్కుగా రాయవచ్చు. డిస్క్ డీవీడీయే, లోపలి ఏర్పాటు మాత్రం బ్లూ-రే తరహా. బ్లూ-రే ప్లేయర్లలో చాలావరకు ఆడుతుంది, డీవీడీ ప్లేయర్లో ఆడదు. సెకనుకు 17 మెగాబిట్లతో రాస్తే ఒక డిస్కులో 36 నిమిషాలు.

## ప్లే చేసేటప్పుడు

డిస్క్ లోపలికి వెళ్ళాక ప్లేయర్ ఏం చేస్తుంది?

ముందు లెన్స్ పైకీ కిందికీ కదిలి మెరిసే పొర ఎంత లోతులో ఉందో వెతుకుతుంది. సీడీలో అది దాదాపు 1.2 మిల్లీమీటర్ల లోతున, డీవీడీలో 0.6 దగ్గర, బ్లూ-రేలో 0.1 దగ్గర ఉంటుంది. తిరిగొచ్చే కాంతిని బట్టి డిస్క్ రకం తేలుతుంది.

తర్వాతిదే కష్టమైన పని. డీవీడీ తిరుగుతూ పైకీ కిందికీ మిల్లీమీటరులో మూడో వంతు దాకా ఊగవచ్చు. గురి మాత్రం రెండు మైక్రాన్లలోపు నిలవాలి. తిరిగొచ్చే కాంతి నాలుగు ముక్కల డిటెక్టర్ మీద పడుతుంది. గురి సరిగ్గా ఉంటే గుండ్రటి చుక్క, దగ్గరైతే ఒకవైపు, దూరమైతే మరోవైపు సాగిన కోడిగుడ్డు ఆకారం. ఆ నాలుగు ముక్కల తేడాని బట్టి అయస్కాంతాల మధ్య ఉన్న చిన్న తీగచుట్ట లెన్స్‌ని సరిచేస్తూనే ఉంటుంది. వరుస మీద నిలబెట్టే పనీ అలాంటి మరో తీగచుట్టదే. లెన్స్ మొత్తాన్ని లోపలి నుంచి బయటికి నడిపేది స్లెడ్ మోటార్.

చదివే వేగం సమానంగా ఉండాలి కాబట్టి తిరిగే వేగం మారుతుంది. డీవీడీ 1ఎక్స్‌లో లోపలి అంచు దగ్గర నిమిషానికి సుమారు 1400 చుట్లు, బయటి అంచు దగ్గర 580. చదివిన బిట్లు తప్పుల దిద్దుబాటు దాటి బఫర్ అనే తాత్కాలిక నిల్వలో చేరి, అక్కడి నుంచి డీకోడర్‌కి వెళ్తాయి.

సినిమా సగంలో ఒక్క క్షణం ఆగి మళ్ళీ నడుస్తోంది

రెండు పొరల డిస్కులో లేజర్ ఒక పొర నుంచి మరో పొరకి గురి మార్చుకుంటోంది. బఫర్ చిన్నదైన ప్లేయర్లలో ఇది కనిపిస్తుంది, పెద్దదైతే కనిపించదు. అదే డిస్క్ ఎప్పుడూ అక్కడే ఆగి, మళ్ళీ శుభ్రంగా నడిస్తే లోపమేమీ లేదు.

సీడీలు చక్కగా వస్తున్నాయి, డీవీడీలు రావట్లేదు. డిస్కులదా తప్పు, ప్లేయర్‌దా?

ప్లేయర్‌దే అనుకోండి. సీడీకి 780, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్లు వేరువేరుగా ఉంటాయి. ఎర్ర లేజర్ బలహీనపడితే డీవీడీలు మాత్రమే ఆగిపోతాయి. లెన్స్ మీద దుమ్ము పట్టినా ముందు డీవీడీలే మొరాయిస్తాయి, వాటి గుంటలు చిన్నవి కదా. ముందు లెన్స్ శుభ్రం చేసి చూడండి. ఫలితం లేకపోతే లేజర్ పికప్ (లేజర్, లెన్స్ ఉన్న భాగం) మార్చాలి.

తలకిందులుగా కూడా జరుగుతుంది. కంపెనీ సీడీలు వస్తూ, ఇంట్లో రాసిన వీసీడీలు రాకపోతే ఆ ప్లేయర్ మరీ పాతది. సీడీ-ఆర్ రంగు పొర 780 దగ్గర కాంతిని తిప్పి పంపుతుంది, 650 దగ్గర మింగేస్తుంది. ఎర్ర లేజర్ ఒక్కటే ఉన్న తొలినాటి డీవీడీ ప్లేయర్లకి అది నల్లగా కనిపిస్తుంది.

ఏ సినిమా వేసినా చివరి అరగంటలో ఆగిపోతోంది

లేజర్ బయటి అంచుకి చేరలేకపోతోంది. స్లెడ్ నడిచే పట్టాల మీది గ్రీజు ఎండి గట్టిపడటం దీనికి మామూలు కారణం. పాత గ్రీజు తుడిచేసి ప్లాస్టిక్‌కి పడే గ్రీజు పలచగా రాస్తే చాలావరకు సరిపోతుంది. ఒక్క డిస్కే ఆగుతూ, వేరే ప్లేయర్లోనూ అక్కడే ఆగితే మాత్రం డిస్క్‌దే తప్పు.

4కె బ్లూ-రే డిస్క్ మామూలు బ్లూ-రే ప్లేయర్‌లో వస్తుందా?

రాదు. లేజర్ రంగు ఒకటే అయినా 2016లో వచ్చిన ఈ డిస్కుల్లో 66, 100 జీబీ రకాలున్నాయి. వీడియో హెచ్ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో ఉంటుంది, రక్షణ పద్ధతీ వేరు. 4కె ప్లేయర్‌లో మాత్రం పాత బ్లూ-రేలు, డీవీడీలు ఆడతాయి.

రీజియన్ కోడ్ వల్ల ఆడటం లేదంటోంది. ఇంట్లో రాసిన డిస్కుకి కూడా ఉంటుందా?

ఇంట్లో రాసిన వాటికి ఉండదు. కంపెనీ డీవీడీలకి ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టారు: అమెరికా, కెనడాలకి 1, ఐరోపాలో ఎక్కువ భాగానికీ జపాన్‌కీ 2, భారత్‌కి 5. బ్లూ-రేకి ఏ, బీ, సీ అని మూడే. 4కె డిస్కులకి రీజియన్ లేదు.

కెమెరాలోని చిన్న డిస్క్ ల్యాప్‌టాప్‌లో వేయవచ్చా?

ట్రే బయటికొచ్చే డ్రైవ్‌లో వేయవచ్చు, లోపలి చిన్న పల్లంలో కూర్చోబెట్టాలి. చీలికలోకి తోసే రకం డ్రైవ్‌లో వద్దు, ఇరుక్కుంటుంది.

## గీతలు, మరకలు

ఇన్ని సన్న గీతలున్నా నడుస్తున్న డిస్క్ ఒక్క గీతకి ఆగిపోయిందేం?

గీత ఏ దిక్కున ఉందన్నదే ముఖ్యం. డీవీడీలో 32 కేబీ వీడియోని ఒక దిమ్మగా తీసుకుని, అడ్డంగానూ నిలువుగానూ దిద్దుబాటు బైట్లు చేర్చి రాస్తారు. దారి వెంట సుమారు 6 మిల్లీమీటర్ల మేర వరుసగా చెరిగిపోయినా ప్లేయర్ పోయినదాన్ని పూర్తిగా లెక్కగట్టి తెస్తుంది. సీడీలో ఈ హద్దు 2.5 మిల్లీమీటర్లు. మధ్య నుంచి అంచుకి అడ్డంగా పోయే గీత ఒక్కో వరుసలో రవ్వంతే చెరుపుతుంది, దాన్ని ప్లేయర్ లెక్కచేయదు. దారి వెంట వంపుగా సాగే గీత ఒకే దిమ్మని మొత్తం మింగేస్తుంది, అప్పుడిక చేసేదేమీ లేదు.

ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. దిద్దుబాటు పనిచేస్తున్నంతసేపూ బొమ్మలో ఏ తేడా కనిపించదు. క్యాసెట్ అయితే మెల్లగా మసకబారుతూ ముందే హెచ్చరించేది. డిస్క్ చివరి హద్దు దాకా కొత్తదానిలా ఉండి, దాటిన రోజున ఒక్కసారిగా ఆగుతుంది. ఇన్నాళ్ళూ బాగా నడిచింది కాబట్టి ఇకముందూ నడుస్తుందనే లెక్క డిస్కులకి పనికిరాదు.

ఏ వైపు ఎక్కువ జాగ్రత్తగా చూడాలి?

సీడీకి లేబుల్ వైపు. మెరిసే పొర మీద ఉన్నది పలచటి లక్క పూత, దాని మీద అచ్చు మాత్రమే. అక్కడ గోరు గీత లోతుగా పడితే పొరే ఊడి వస్తుంది, బాగుచేయలేం. డీవీడీ 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల్ని అతికించి చేసినది, పొర మధ్యలో భద్రంగా ఉంటుంది, కానీ వంచితే అతుకు విడుతుంది. డిస్క్‌ను పెట్టెలోంచి తీసేటప్పుడు మధ్య మీటని నొక్కి తీయండి, అంచు పట్టి లాగకండి. బ్లూ-రేకి చదివే వైపు 0.1 మిల్లీమీటరే రక్షణ, అందుకే దాని మీద గట్టి పూత వేస్తారు.

ఎలా తుడవాలి?

పోగులు రాలని మెత్తటి గుడ్డతో, మధ్య నుంచి అంచుకి నేరుగా. గుండ్రంగా తిప్పి తుడిస్తే ఒక్క ఇసుక రేణువు చాలు, దారి వెంట గీత పడుతుంది. జిడ్డు వదలకపోతే నీళ్ళలో ఒక చుక్క పాత్రలు తోమే ద్రవం వేసి కడిగి ఆరబెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చదివే వైపు వాడవచ్చు. అసిటోన్, థిన్నర్, పెట్రోల్ ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి.

టూత్‌పేస్ట్‌తో గీతలు పోతాయా?

సీడీ, డీవీడీల చదివే వైపు పైపై గీతలకి కొంత పనిచేస్తుంది. గీత అంచుల్ని అరగదీసి కాంతి చెదరకుండా చేస్తుంది. కానీ కొత్త సన్న గీతల్నీ మిగులుస్తుంది. ఇక వేరే దారి లేదన్నప్పుడు, వీడియోని వెంటనే కాపీ చేసుకునే ఉద్దేశంతోనే చేయండి. బ్లూ-రే మీద వద్దే వద్దు.

## దాచడం, కాపీ చేసుకోవడం

ఇంట్లో రాసిన డిస్క్ ఎన్నేళ్ళు ఉంటుంది?

ఒకే అంకె చెప్పేవారిని నమ్మకండి. రంగు పొర రకం, రాసిన తీరు, దాచిన చోటు అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ఎండ, వేడి, తేమ మూడూ శత్రువులే. రంగు పొరని అతినీలలోహిత కాంతి వెలిసేలా చేస్తుంది. 20 డిగ్రీల లోపు, 20 నుంచి 50 శాతం తేమ ఉన్న చీకటి చోట, పెట్టెలో నిలువుగా నిలబెట్టి ఉంచడం ఆదర్శం. ముఖ్యమైన వీడియో రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి హార్డ్ డిస్క్ మీద.

ఇంటి డీవీడీని నాణ్యత తగ్గకుండా కంప్యూటర్‌లోకి ఎలా తెచ్చుకోవాలి?

మళ్ళీ ఎన్‌కోడ్ చేయకండి. మేక్‌ఎంకేవీ లాంటి ప్రోగ్రాంతో తీస్తే వీడియో, ఆడియో ఉన్నవి ఉన్నట్టే ఒక ఎంకేవీ ఫైల్‌లోకి వస్తాయి, నిండు డిస్కుకి 4.4 జీబీ లోపే. వీఓబీలను నేరుగా లాగి తెచ్చుకోవచ్చు, కానీ అధ్యాయాలు పోతాయి, ముక్కల అతుకుల దగ్గర శబ్దం జరగవచ్చు. మెనూలు కూడా కావాలంటే డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఫైల్‌గా తీసుకోండి. చిన్న ఫైల్ కావాలంటే దాన్ని వేరే కాపీగా చేసుకోండి, అసలుని చెరపకండి.

సగం చదివి ఆగిపోతున్న డీవీడీ నుంచి వీడియో ఎలా తీయాలి?

ముందు డిస్క్ తుడిచి వేరే డ్రైవ్‌లో వేసి చూడండి. ఒక డ్రైవ్ వదిలేసిన చోట మరోటి చదవడం చాలా మామూలు. తర్వాత డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడండి. సెక్టార్ పరిమాణం 2048 అని పెట్టండి, మ్యాప్ ఫైల్ (ఏ చోట్లు వచ్చాయో, ఏవి రాలేదో రాసుకునే ఫైల్) తప్పనిసరిగా ఇవ్వండి. అది సులువుగా వచ్చేవి ముందు తీసి, కష్టమైన చోట్లకి చివర తిరిగొస్తుంది. ఒక డ్రైవ్‌లో అయ్యాక అదే మ్యాప్ ఫైల్‌తో మరో డ్రైవ్‌లో నడిపితే మిగిలిన ఖాళీలని మాత్రమే నింపుతుంది. కొన్ని సెక్టార్లు ఎప్పటికీ రాకపోయినా ఫరవాలేదు, ఆ చోట అర సెకను గడులు కనిపించి వీడియో ముందుకి సాగుతుంది.

ఫైనలైజ్ చేయని డిస్క్ ఉంది, ఆ కెమెరా ఇప్పుడు లేదు. ఏదైనా దారి ఉందా?

ఉంది. కంప్యూటర్ 'డిస్క్ ఖాళీ, ఫార్మాట్ చేయాలా' అని అడిగితే వద్దనండి, ఆర్‌డబ్ల్యూ అయితే ఆ ఒక్క నొక్కుతో వీడియో చేజారుతుంది. అదే తయారీదారు కెమెరా ఎవరి దగ్గరైనా ఉంటే అందులో వేసి ఫైనలైజ్ చేయడం అన్నిటికంటే తేలిక. లేకపోతే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాం మూయని డిస్కులోని ట్రాకుల్ని నేరుగా చూపిస్తుంది. రీడర్ కంటే రైటర్ డ్రైవ్‌లోనే ప్రయత్నించండి, మూయని డిస్కుల్ని చదవడం వాటికే సాధ్యం. వీడియో వీఓబీగా దొరుకుతుంది. కెమెరా వీఆర్ మోడ్‌లో రాసి ఉంటే డీవీడీ_ఆర్‌టీఏవీ ఫోల్డర్‌లో ఒకే పెద్ద వీఆర్ఓ ఫైల్‌గా ఉంటుంది. రెండింటినీ వీఎల్‌సీ ప్లేయర్ నేరుగా చూపిస్తుంది.